వినిన వాక్యము, చదివిన వాక్యము
(మెట్ట ప్రాంత సంఘములలో అనుదిన బైబిలు పఠనము)



శతవార్షిక సంచికలలో సంఘ చరిత్ర అనగానే ఏ దేవాలయము ఎప్పుడు కట్టారు, శంకుస్థాపన ఎవరు చేశారు, ఏ గురువుగారు ఎన్ని సంవత్సరాలు సేవ చేశారు అన్న వివరాలే ముందుకు వస్తాయి. అవి అవసరమే. అయితే రాళ్ళమీద చెక్కని చరిత్ర మరొకటి ఉన్నది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పల్లెలలో మన పూర్వికులు దేవుని వాక్యమును ప్రతిదినము ఎలా అందుకున్నారు, అక్షరము రాని వారి గుండెలలోకి ఆ గ్రంథము ఎలా ప్రవేశించింది అన్నది ఆ చరిత్ర. అనుదిన బైబిలు పఠనము క్రైస్తవ జీవితమునకు ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకంటె మంచి సాక్ష్యము కనబడలేదు.

గ్రంథము తెలుగులోనికి వచ్చిన దారి

తెలుగు బైబిలు ఒక్కరోజులో మన చేతికి రాలేదు. జర్మనీ దేశస్థుడైన బెంజమిన్ షుల్జు గారు మదరాసులో ఉండి 1732 నాటికే బైబిలును తెలుగులోనికి అనువదించారు. కాని అది అచ్చు కాలేదు. వ్రాతప్రతిగానే మిగిలిపోయింది. తరువాత 1805లో విశాఖపట్నము చేరిన లండను మిషను వారు, జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి గార్లు, మళ్ళీ పని మొదలుపెట్టారు. వారికి తోడు నిలిచి తెలుగు మాట అందించినవాడు ఆనందరాయరు అనే క్రైస్తవుడు. క్రాన్ గారు 1809లోను, డిగ్రాంజి గారు 1810లోను కన్నుమూశారు. వారి శ్రమఫలమైన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. ఎడ్వర్డు ప్రిచెట్ గారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో మదరాసులో వెలువడింది. పాత, క్రొత్త నిబంధనలు రెండూ కలిసిన పూర్తి గ్రంథము ప్రజల చేతికి రావడానికి 1850ల దశకము వరకు ఆగవలసి వచ్చింది.

షుల్జు గారి నాటినుండి లెక్కవేస్తే నూరేళ్ళకు పైబడిన శ్రమ ఇది. ఈ రోజు మన బల్లమీద దుమ్ము పట్టి ఉన్న గ్రంథము వెనుక ఇంతమంది ఆయుష్షు ఉన్నది.

రెండు దారులు: బందరు బడి, రాఘవాపురము పల్లె

చర్చి మిషనరీ సొసైటీవారు 1841లో మచిలీపట్నము వచ్చారు. రాబర్టు నోబుల్ గారు 1843లో అక్కడ బడి పెట్టారు. పై కులాల కుటుంబాల పిల్లలకోసము ఏర్పడిన ఆ బడిలో ఇంగ్లీషుతోపాటు బైబిలు కూడ చదువుకొనే పాఠమే. ఆ పాఠము ఊరికే పోలేదు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అనే విద్యార్థులు బాప్తిస్మము పొందారు. తరువాత గురువులై సంఘమునకు సేవ చేశారు. వారి విషయములో వాక్యము కన్నుల ద్వారా, చదువు ద్వారా లోనికి వెళ్ళింది.

మన మెట్టలో జరిగినది వేరు. నందిగామ ప్రాంతములోని రాఘవాపురములో పగోలు వెంకయ్య గారనే మాల పెద్ద ఉండేవారు. విగ్రహములు వ్యర్థమనీ సృష్టికర్తయైన దేవుడు ఒక్కడే ఉన్నాడనీ 1849 ప్రాంతములో ఒక స్నేహితుని నోట విన్నారు. ఆ ఒక్క మాట ఆయనను నిద్రపోనివ్వలేదు. పేరు తెలియని ఆ దేవునికి, నీవెవరవో నాకు కనబరచుమని ప్రార్థన చేస్తూ వచ్చారు. గ్రంథము లేదు, బోధకుడు లేడు. అలాగే సంవత్సరాలు గడిచాయి. చివరకు కృష్ణా స్నానమునకు జనము చేరే పండుగవేళ బెజవాడ వెళ్ళినప్పుడు, అక్కడ ఉన్న మిషనరీ టి. వై. డార్లింగు గారి సంగతి తెలిసింది. ఆయన చెప్పిన సువార్త వినగానే, తాను ఇన్నాళ్ళు వెదకుచున్న దేవుడు ఈయనే అని వెంకయ్య గారు గుర్తుపట్టారు. 1859లో ఆయన, ఆయనవారు బాప్తిస్మము పొందారు. కృష్ణా మండలములో పల్లెవాసుల మధ్య సంఘము వేరూనినది అక్కడే.

ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. బందరులో చదివినవారు నమ్మారు. రాఘవాపురములో విన్నవారు నమ్మారు. వినుట వలన విశ్వాసము కలుగునని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన మాట మన మెట్టలో అక్షరాలా నెరవేరింది. మన సంఘము చెవి ద్వారా పుట్టిన సంఘము. దీనిని మరచిపోతే అనుదిన పఠనము గురించి మనము చెప్పుకొనే మాటలు సగమే అవుతాయి.

అక్షరము రాని సంఘము

ఆ కాలపు స్థితి ఈనాటి యువతకు ఊహకందదు. 1901 జనాభా లెక్కలలో మదరాసు రాజధాని అంతటిలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి సుమారు ఆరుగురు. స్త్రీలలోనైతే నూటికి ఒక్కరు కూడ పూర్తిగా లేరు. ఇది అన్ని కులాలను కలిపిన లెక్క. ఊరికి వెలుపల, బడి గడప తొక్కనివ్వని పల్లెలలో పరిస్థితి ఎట్లుండెనో వేరుగా చెప్పనక్కరలేదు.

మెట్ట బ్రతుకు కూడ కష్టమైనదే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయి దిగువ డెల్టాకు కృష్ణ నీరు పారింది. నందిగామ, జగ్గయ్యపేట వైపు మాత్రము పొలాలు వానమీద ఆధారపడినవే. మునేరు, పాలేరు ఒడ్డున ఉన్నవారికి కొంత మేలు, మిగిలినవారికి జొన్న, అపరాలు, మిరప. సాగరు ఎడమ కాలువ నీరు ఈ వైపు కొన్ని ఊళ్ళకు అందినది 1967 తరువాతనే. తెల్లవారుజామున కూలికి పోయి, ప్రొద్దు గుంకిన తరువాత ఇల్లు చేరే మనుషులకు పుస్తకము పట్టుకొనే వేళ ఏది? చదువను వచ్చినవారు ఎవరు? పుస్తకము కొనే శక్తి ఎక్కడిది?

అయినా ఆ పల్లెలలో వాక్యము ప్రతిదినము వినబడింది. అది ఎలా జరిగిందో చూద్దాము.

సాయంకాలపు గంట

మన అధ్యక్ష ఖండము ఆంగ్లికను సంప్రదాయములో పెరిగినది. 1549లో ఇంగ్లండులో ఆర్చిబిషప్ క్రాన్మరు గారు కూర్చిన సామాన్య ప్రార్థనల గ్రంథములో ఉదయ, సాయంకాల ఆరాధనలు రెండూ ప్రతిదినమునకు ఏర్పాటయ్యాయి. దావీదు కీర్తనలన్నీ నెలకు ఒకసారి పూర్తి అయ్యేటట్లు ముప్పది దినాలకు పంచారు. పాత నిబంధనలో అధిక భాగమును సంవత్సరమునకు ఒకసారి, క్రొత్త నిబంధనను అంతకంటె ఎక్కువ సార్లు చదివే క్రమము పెట్టారు. ఆ ఏర్పాటు పండితులకోసము కాదు. అక్షరము రాని సామాన్యుడు కూడ దేవాలయములో నిలబడి, తన భాషలో, గ్రంథమంతయు వరుసగా వినాలన్నదే దాని ఉద్దేశము. ఇంగ్లండులోని రైతు కూలీకోసము చేసిన ఈ క్రమము మన మెట్ట కూలీకి సరిగ్గా సరిపోయింది.

గురువుగారు ఒక్కరే, ఊళ్ళు ఎన్నో. కాబట్టి పల్లెలో ఆ భారము మోసినవారు ఉపదేశులు, పంతుళ్ళు. పగలు పిల్లలకు ఓనమాలు చెప్పిన పంతులుగారే ప్రొద్దు గుంకిన తరువాత గంట కొట్టి సంఘమును ప్రార్థనకు పిలిచేవారు. లాంతరు వెలుగులో ఒక భాగము చదివి, చదివినదానిని కథగా చెప్పి, ప్రశ్నలు వేసి, ఒక వచనమును అందరిచేత పలికించి కంఠస్థము చేయించేవారు. కీర్తన పాడి ముగించేవారు. బాప్తిస్మమునకు సిద్ధపడేవారు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము నోటికి నేర్చుకొనవలసినదే. పుస్తకము తెరవలేని మనిషి తానే ఒక చిన్న పుస్తకమై ఇంటికి వెళ్ళేవాడు. మర్నాడు కలుపు తీస్తూ, మిరపకాయలు కోస్తూ ఆ వచనమును మననము చేసుకొనడానికి దీపము అవసరము లేదు, కళ్ళజోడు అవసరము లేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకలు ప్రథమ బిషప్ అయిన వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు ఈ పద్ధతిని మరింత బలపరిచారు. ఆంగ్లికను సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడ ఆయన పాలనలోనికి వచ్చాయి. పల్లె ఉపదేశకునికి మాత్రమే కాదు, ఆయన భార్యకు కూడ శిక్షణ ఇవ్వాలని అజరయ్య గారు పట్టుబట్టారు. అందులో గొప్ప వివేకము ఉన్నది. మగవారు సాయంకాలము గుడి దగ్గర విన్న వాక్యము ఇంటిలోనికి, వంటయింటిలోనికి వెళ్ళాలంటే స్త్రీలకు చెప్పే స్త్రీ ఉండాలి. బాప్తిస్మము పొందిన ప్రతివాడు సాక్షియే అని ఆయన బోధించారు. తలమీద చేయి పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అని సంఘస్థులచేత పలికించేవారు. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించే నాటికి ఆ అధ్యక్ష ఖండములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు పల్లెలవారు, కూలి చేసుకొని బ్రతికేవారు.

ఎజ్రా కాలములో నీటి గుమ్మము ఎదుట జరిగిన సంగతి నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో చదువుతాము. ఉదయమునుండి మధ్యాహ్నము వరకు పురుషులు, స్త్రీలు, గ్రహింపగల పిల్లలు నిలిచి విన్నారు. లేవీయులు అర్థము చెప్పారు. జనులు కన్నీరు విడిచారు. మెట్ట పల్లెలోని సాయంకాలపు గంట ఆ నీటి గుమ్మమునకు సంబంధించినదే.

ఆ గంట ఎందుకు ఆగింది?

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఆరాధన క్రమాలు, పంచాంగములో ప్రతిదినమునకు వేదపాఠాలు మనకు ఉన్నాయి. 1901లో నూటికి ఆరుగురు చదువరులు ఉంటే, 2011 లెక్కలలో అప్పటి కృష్ణా జిల్లాలో అక్షరాస్యత నూటికి 73 దాటింది. 2022లో మన ప్రాంతము ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఈనాడు బైబిలు వెల ఎవరికీ భారము కాదు. సెల్‌ఫోనులో ఉచితముగానే దొరుకుతుంది. చదివి వినిపించే బైబిలు కూడ వచ్చింది. ఇన్ని ఉన్నా ప్రతిదినము వాక్యము వినబడే ఇండ్లు ఎన్ని?

ఇందుకు యువతనో, టెలివిజనునో నిందించి ఊరుకోవడము తేలిక. కాని చరిత్ర మరొక కారణము కూడ చూపిస్తుంది. స్వాతంత్ర్యము తరువాత ప్రాథమిక విద్య క్రమక్రమముగా ప్రభుత్వము, పంచాయతీ సమితుల చేతికి వెళ్ళింది. అది న్యాయమే, పల్లె బిడ్డలకు మేలే. అయితే పగలు పంతులు, రాత్రి ఉపదేశి అయిన మనిషి పల్లెలో లేకుండా పోయాడు. ఆయన కొట్టిన గంటను మరొకరు అందుకోలేదు. ఇప్పుడు అందరికీ చదువు వచ్చింది గదా, ఎవరి బైబిలు వారు ఇంటిలో చదువుకొంటారు అని మనము అనుకొన్నాము. అనుదిన పఠనము సంఘము పని కాకుండా ఒక్కొక్కరి సొంత పని అయిపోయింది.

దీనివలన కలిగిన నష్టము రెండు విధాలు.

మొదటిది, చదువు రానివారు వెలుపల ఉండిపోయారు. నూటికి 73 మంది అంటే ఇంకా 27 మంది మిగిలే ఉన్నారు గదా. వారెవరు? ఎక్కువగా మన ముసలితల్లులు, అవ్వలు, చిన్నప్పటినుండి కూలికి పోయిన స్త్రీలు. ప్రతిదినము బైబిలు చదవండి అని ఆదివారము మనము చెప్పే మాట వారికి ఒక మూసిన తలుపు. వారి తాతల కాలములో ఆ తలుపు తెరిచే ఉన్నది. చదువు పెరిగిన కాలములో చదువురాని విశ్వాసి ఒంటరివాడైపోవడము మనము గమనించని విషాదము.

రెండవది, ఒక్కొక్క వచనమే మిగిలి గ్రంథము జారిపోయింది. వరుసగా వినేవారికి ముందు ఏమున్నది, వెనుక ఏమున్నది తెలుస్తుంది. ఈనాడు ఫోనులో ఉదయము ఒక వాగ్దాన వచనము వస్తుంది. ఆమేన్ అని పంపి ఊరుకొంటాము. ఆశీర్వాదపు మాటలే ఏరుకొంటే ఆమోసు గద్దింపు ఎప్పుడు వింటాము? యాకోబు పత్రికలో కూలివారి జీతము బిగపట్టినవారిని గురించిన హెచ్చరిక ఎప్పుడు చెవిన పడుతుంది? ఎవరో వచ్చి ఒక వచనము పట్టుకొని వింత బోధ చేసినా, కానుక ఇస్తేనే స్వస్థత అని చెప్పినా, అది లేఖనమునకు సరిపడునా అని పరీక్షించే శక్తి మనకు ఎక్కడనుండి వస్తుంది? బెరయలోనివారు సాక్షాత్తు పౌలు చెప్పిన మాటను కూడ ప్రతిదినము లేఖనములతో పోల్చి చూచారని అపొస్తలుల కార్యములు చెబుతున్నాయి. అందుకు వారిని ఘనులని మెచ్చుకొన్నది, అవిశ్వాసులని నిందించలేదు. అనుదిన పఠనము సంఘమునకు కంచె వంటిది. కంచె పడిపోయిన చేనులో ఎవరి పశువైనా దిగుతుంది.

ఒకరు చదవాలి, అందరు వినాలి

ప్రకటన గ్రంథము ఆరంభములో చదువువాడును వినువారును ధన్యులని వ్రాయబడిన సంగతి మీకు తెలుసు. చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు. ధన్యత మాత్రము ఇద్దరికీ సమానమే. మన మెట్ట సంఘాల చరిత్రకు ఇంతకంటె సరియైన మాట లేదు. కాబట్టి మన పూర్వికుల పద్ధతిని మన కాలమునకు తగినట్లు మళ్ళీ నిలబెట్టుకొనవచ్చునని వినయముగా మనవి చేస్తున్నాను.

క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారములో ఐదు దినాలు, దినమునకు ఒక అధ్యాయము చొప్పున కుటుంబమంతా కూర్చుండి చదివితే 52 వారాలలో, అనగా సరిగా ఒక సంవత్సరములో పూర్తి అవుతుంది. ఒక్కొక్క అధ్యాయమునకు పట్టేది కొద్ది నిమిషాలే. నాలుగు సువార్తలతో మొదలుపెట్టదలచినవారికి అవి 89 అధ్యాయాలు, దినమునకు ఒకటి చొప్పున మూడు నెలల పని. గ్రంథమంతయు చదవగోరువారు 1,189 అధ్యాయాలను దినమునకు మూడు, ఆదివారము ఐదు చొప్పున ఏడాదిలో ముగించవచ్చును. లెక్క పెద్దది కాదు. విడువకుండా చేయడమే పెద్దది.

చదివే పని ఇంటిలోని పిల్లవానికో పిల్లకో అప్పగించండి. అవ్వ వింటుంది, మనవరాలు చదువుతుంది. పాత తెలుగులోని మాట పిల్లకు అర్థము కాకపోతే అవ్వ చెబుతుంది. అవ్వకు అక్షరము రాకపోయినా వాక్యము వచ్చును గదా. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉన్నదని పౌలు జ్ఞాపకము చేసిన సంగతి మరువరాదు. చదివిన తరువాత ఒక వచనమును అందరు కలిసి రెండు మూడు సార్లు పలకండి. ఒక చిన్న ప్రార్థన, ఒక కీర్తన. అంతే.

పల్లెలలో స్త్రీల మైత్రి, యువజన సంఘము వారు వంతులు వేసుకొని, ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇంటికి వారములో కొన్ని సాయంకాలాలు వెళ్ళి ఒక అధ్యాయము చదివి వినిపించవచ్చును. విజయవాడకో హైదరాబాదుకో పనికి వెళ్ళిన బిడ్డలు ఫోనులోనే తల్లికి ఆనాటి భాగము చదివి వినిపించవచ్చును. మనలను చెదరగొట్టిన ఫోనే మనలను ఒక వాక్యము చుట్టూ కూర్చగలదు.

పగోలు వెంకయ్య గారు గ్రంథము లేకుండ సంవత్సరాల తరబడి దేవుని వెదకినవారు. మనకు గ్రంథమున్నది, చదువున్నది, తీరిక కూడ ఉన్నది. ఆయన ప్రార్థించినంత ఆకలితో మనము ఒక్క అధ్యాయము వినగలిగితే, రాబోయే నూరేండ్లలో ఈ మెట్టలో సంఘము నిలిచి ఉండునా అని ఎవరూ భయపడనవసరము లేదు. ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి గురుమండలము, ప్రతి పల్లె, ప్రతి ఇల్లు ఆ సాయంకాలపు గంటను మరల వినును గాక. వినిన వాక్యమును గైకొనుటకు ప్రభువు మనకందరికి కృప దయచేయును గాక. ఆమేన్.